మూడో రోజు కిడ్నీ

మా అమ్మది కాణిపాకం దగ్గర పల్లె. నేను పీహెచ్‌డీలో చేరి ఎలుకల మీద పని చేయబోతున్నానని ఎవరు చెప్పారో గానీ, ఒకరోజు ఫోన్ చేసి, "ఏంది మే, వినాయకసామి వాహనాన్ని పట్టుకోని సూదులు పొడస్తా ఉండావంట?" అంది. మా ఊళ్ళో వార్త ఆర్టీసీ బస్సు కన్నా ముందు చేరుతుంది. "ఇంకా పొడవలేదు మా, పర్మిషనే రాలేదు" అన్నాను. తప్పించుకోడానికి అన్న మాట కాదు. ఎలుకను ముట్టుకునే ముందు నాకు దాదాపు ఐదు నెలలు కాగితాలతోనే గడిచాయి.

మన దేశంలో పరిశోధనకు జంతువుల్ని వాడాలంటే 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ఏర్పడిన కమిటీ నిబంధనలకు లోబడాలి. పాతవాళ్ళు దాన్ని సీపీసీఎస్ఈఏ అంటారు, ఇప్పుడు పేరు మారి సీసీఎస్ఈఏ అయింది. ప్రతి సంస్థలోనూ ఒక ఎథిక్స్ కమిటీ ఉంటుంది. అందులో సైంటిస్టులతో పాటు ఒక వెటర్నరీ డాక్టరు, బయటి సంస్థల వాళ్ళు, సైన్సుతో సంబంధం లేని సభ్యులొకరు ఉంటారు. వాళ్ళ ముందుకు ఫారం బి నింపుకుని వెళ్ళాలి. ఎన్ని ఎలుకలు, అన్ని ఎందుకు, వాటికి ఏం చేస్తావు, నొప్పి ఎంత, ఏ స్థితికి వస్తే ప్రయోగం ఆపేస్తావు, అన్నీ రాయాలి.

నేను గుంపుకి పన్నెండు రాశాను. "ఎనిమిది ఎందుకు చాలవు?" అని అడిగారు. మా సీనియర్ థీసిస్‌లో పన్నెండు ఉంది, అందుకని రాశాను అని చెప్పలేక నీళ్ళు నమిలాను. లెక్క కట్టి చూస్తే ఎనిమిది చాలు. అలా నలభై చిల్లర ప్రాణాలు నా బద్ధకం నుంచి బయటపడ్డాయి. సైన్సుతో సంబంధం లేని సభ్యుడు ఒక రిటైర్డ్ టీచరు. ఆయన ఒకే ప్రశ్న అడిగారు: "ఎలుకకి నొప్పి పుడుతోందని మీకెట్లా తెలుస్తుందమ్మా? అది చెప్పదు గదా?"

అదృష్టం కొద్దీ అది చదివి ఉన్నాను. ఎలుక మొహం చూసి నొప్పిని అంచనా కట్టే పద్ధతి 2010లో వచ్చింది. కళ్ళు చికిలించడం, ముక్కు పైభాగమూ చెంపలూ ఉబ్బినట్టు అవడం, చెవులు వెనక్కి పోవడం, మీసాల తీరు మారడం, ఈ ఐదూ చూసి మార్కులు వేస్తారు. ఆయన తల ఊపి, "అయితే బరువొక్కటే రాసుకోకండి, రోజూ మొహం కూడా చూడండి" అన్నారు. ఆ మాట మినిట్స్‌లో రాలేదు గానీ నా నోట్‌బుక్ మొదటి పేజీలో ఉంది.

ఎలుకలు హైదరాబాదు నుంచి ఏసీ వ్యాన్లో వచ్చాయి. నల్లవి, సీ57బీఎల్/6 అనే రకం, ఆరు వారాల ఆడవి. 1921లో మొదలైన వంశం ఇది. అన్నాచెల్లెళ్ళ మధ్యే ఇరవై తరాలకు పైగా సంకరం చేస్తూ వస్తే ఒక ఎలుకకీ ఇంకో ఎలుకకీ జన్యువుల్లో తేడా దాదాపు ఉండదు. అందరూ కవలలే అనుకోండి. అందుకే ఒకదానికి మందు ఇచ్చి ఇంకోదానికి ఇవ్వకపోతే, కనబడే తేడా మందుదే అని చెప్పగలం. కనీసం నేను అలా అనుకున్నాను.

వచ్చిన వారం రోజులు వాటి జోలికి వెళ్ళకూడదు. ప్రయాణం అలసట తీరాలి, కొత్త చోటు అలవాటు కావాలి. ఇరవై రెండు డిగ్రీల చలవ, పన్నెండు గంటలు వెలుగు, పన్నెండు గంటలు చీకటి. ఏప్రిల్‌లో తిరుపతి రోడ్ల మీద తారు మెత్తబడుతుంటే, మా యానిమల్ హౌస్‌లో ఎలుకలు ఊటీలో ఉన్నట్టు ఉండేవి. హాస్టల్ గదిలో ఫ్యాను కింద వేడిగాలికి నిద్రపట్టని రాత్రి, రేపు ఏదో ఒక వంక పెట్టుకుని అక్కడే ఇంకో గంట ఉందాం అనుకునేదాన్ని.

యానిమల్ హౌస్ చూసుకునే అన్న అక్కడ ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నాడు. డిగ్రీలు లేవు గానీ ఎలుకను పట్టుకునే విద్యలో ఆయన ముందు మా ప్రొఫెసర్లు కూడా చేతులు కట్టుకునేవాళ్ళు. మొదటిరోజు నేను తోక కొస పట్టుకుంటే చెయ్యి మీద కొట్టినంత పని చేశాడు. "కొస కాదమ్మా, మొదలు పట్టుకో. నువ్వు భయపడతా ఉంటే అదీ భయపడతాది. దానికి నీ చెయ్యే ప్రపంచం ఆ నిమిషానికి."

ఇక ఫంగస్ సంగతి. నేను పనిచేసింది క్యాండిడా అల్బికాన్స్ మీద. పేరు కొత్తగా ఉన్నా మనకు పరిచయమైనదే. పసిపిల్లల నాలుక మీద పాలు విరిగినట్టు తెల్లగా వచ్చే పూత దీని పనే. చాలామంది ఆరోగ్యవంతుల నోట్లో, పేగుల్లో ఇది మామూలుగానే కాపురం ఉంటుంది, ఏమీ చేయదు. ల్యాబులో ప్లేట్ మీద పెంచితే మీగడ రంగు చుక్కలు వస్తాయి, మూత తీస్తే పులిసిన దోసెల పిండి వాసన. ఆ వాసనకి ఆకలి వేసే ల్యాబు మాది ఒక్కటే అనుకుంటా.

ఫంగస్ అనగానే బంధువులందరూ బ్లాక్ ఫంగసా అని అడుగుతారు. 2021 మేలో దేశమంతా యాంఫోటెరిసిన్ బి ఇంజెక్షన్ కోసం పరుగులు పెట్టిన రోజులు ఎవరూ మర్చిపోలేదు. అది వేరే జాతి, మ్యూకర్ కుటుంబం. షుగరు అదుపు తప్పినవాళ్ళకి, స్టెరాయిడ్లు ఎక్కువ పడ్డవాళ్ళకి ముక్కు నుంచి కళ్ళకి, మెదడుకి పాకేది. నాది అది కాదు అని చెప్పినా, పెళ్ళిళ్ళలో నన్ను "బ్లాక్ ఫంగస్ అమ్మాయి" అనే పరిచయం చేస్తారు.

క్యాండిడాకు రెండు రూపాలు. గుండ్రంగా ఉన్నప్పుడు మొగ్గలు వేసి పెరుగుతుంది. ఒంటి వేడికి, రక్తంలోని పదార్థాలకి తగిలితే పొడుగ్గా దారాలు తీస్తుంది. మైక్రోస్కోపు కింద సీరం కలిపి 37 డిగ్రీల్లో పెడితే రెండు మూడు గంటల్లో మొలకెత్తిన పెసల్లా కనబడతాయి. ఆ దారాలే కండలోకి చొచ్చుకుపోతాయి. అవి క్యాండిడాలైసిన్ అనే విషాన్ని కూడా వదులుతాయని 2016లో తేలింది.

మన ఒంట్లోని రక్షణ కణాలు దీన్ని గుర్తుపట్టేది ముఖ్యంగా దాని గోడలోని బీటా గ్లూకాన్ అనే చక్కెర గొలుసుతో. ఆ గొలుసును పట్టుకునే చెయ్యి మన కణాల మీద ఉంది, పేరు డెక్టిన్-1. అది బీటా గ్లూకాన్‌కి గ్రాహకమని 2001లో తెలిసింది. తమాషా ఏమిటంటే క్యాండిడా ఆ గొలుసును పైన మానన్ అనే ఇంకో పొరతో కప్పేసుకుంటుంది, కొబ్బరికాయ చిప్పను పీచు కప్పినట్టు. మొగ్గ విడిపోయిన మచ్చ దగ్గర మాత్రం పీచు ఊడి చిప్ప కనబడుతుంది. దారంగా సాగినప్పుడు అలాంటి మచ్చలు ఉండవు, కాబట్టి దాక్కోవడం ఇంకా సులువు.

మా ప్రశ్న చిన్నది. బీటా గ్లూకాన్‌ని వారం ముందు ఇచ్చి పెడితే, తర్వాత నిజం ఫంగస్ వచ్చినప్పుడు ఎలుక మెరుగ్గా తట్టుకుంటుందా? ఇది మా సొంత ఆలోచన కాదు. 1986లో ఇటలీలో పెరూజా వాళ్ళు, జబ్బు చేయలేని క్యాండిడా రకాన్ని ముందుగా ఎక్కిస్తే ఎలుకలు తర్వాత ప్రమాదకరమైన రకాన్ని తట్టుకున్నాయని చూపించారు. 2012లో నెదర్లాండ్స్ బృందం ఇంకో అడుగు ముందుకు వేసింది. టీ కణాలు, బీ కణాలు లేని ఎలుకల్లో కూడా ఈ రక్షణ పనిచేసింది. అంటే టీకాలా జ్ఞాపకం ఉంచుకునే కణాలు లేకపోయినా, ఎవరొచ్చినా ముందు దూకే మామూలు కాపలా కణాలు కూడా ఒకసారి దెబ్బ తగిలితే రాటుదేలతాయి. దీన్ని ట్రెయిన్డ్ ఇమ్యూనిటీ అంటున్నారు. మేము చేయబోయేది ఆ రాటుదేలిన ఎలుకలో కిడ్నీ, కాలేయం, ప్లీహం విడివిడిగా ఎలా స్పందిస్తాయో చూడటం.

ఫంగస్‌ని రక్తంలోకి ఎక్కించడానికి మేము తోక నరంలోకి, అంటే రక్తనాళంలోకి ఇస్తాం. రాయడానికి ఒక్క ముక్క. నేర్చుకోవడానికి నాకు ఆరు వారాలు పట్టింది. తోకకు రెండు పక్కలా సన్నటి నరాలు ఉంటాయి, నల్ల ఎలుకలో అవి సరిగా కనబడవు కూడా. గోరువెచ్చని నీళ్ళలో తోక ముంచితే నరం ఉబ్బుతుంది. సూది లోపలికి సరిగా వెళ్తే మందు అడ్డులేకుండా జారిపోతుంది. పక్కకి వెళ్తే పిస్టన్ మొరాయిస్తుంది, తోక అక్కడ తెల్లగా పొంగుతుంది. మొదట ఎప్పుడూ కొస వైపు నుంచే ప్రయత్నించాలి, తప్పితే పైకి రావచ్చు. మొదలు దగ్గర చెడగొడితే కింద ఇక దారి లేదు. ఉప్పునీళ్ళతో ప్రాక్టీసు చేస్తూ నేను ఏడ్చిన రోజులున్నాయి. అన్న మాత్రం, "ఈ పొద్దుటికి చాలు, వాటికీ నీకూ" అని కేజ్ మూసేసేవాడు.

మొదటి అసలు ప్రయోగం జూన్‌లో. ముందురోజు సాయంత్రం క్యాండిడాని ద్రావణంలో వేసి 30 డిగ్రీల్లో రాత్రంతా ఊపుతూ పెంచాను. పొద్దున కడిగి, లెక్కపెట్టే గాజు పలక మీద లెక్కించి, ఎలుకకి 100 మైక్రోలీటర్లలో లక్ష కణాలు పడేటట్టు కలిపాను. మొదట, వారం కింద ఉత్త ఉప్పునీళ్ళు తీసుకున్న ఎలుకల కేజ్‌కి ఇచ్చాను, తర్వాత బీటా గ్లూకాన్ తీసుకున్న ఎలుకల కేజ్‌కి. ఒక్కటి కూడా పక్కకి పోలేదు. ఆ రోజు లీలామహల్ సెంటర్ దాకా నడిచి వెళ్ళి ఒక్కదాన్నే ఐస్‌క్రీం తిన్నాను.

నాలుగో రోజుకి టెన్షన్ మొదలైంది. బీటా గ్లూకాన్ తీసుకున్నవే ముందు డీలా పడ్డాయి. వీపు వంచుకుని, వెంట్రుకలు నిక్కబొడుచుకుని మూలకు చేరాయి. బరువు ఐదో వంతు తగ్గితే నొప్పి లేకుండా ముగించాలని మా ఒప్పందం, రెండింటిని ఆ సాయంత్రమే ముగించాల్సి వచ్చింది. కంట్రోల్ ఎలుకలు, అంటే ఉత్త ఉప్పునీళ్ళు తీసుకున్నవి, హాయిగా తిరుగుతున్నాయి. కాపాడుతుందని పాతికేళ్ళ ముందు నుంచీ పుస్తకాల్లో ఉన్న పదార్థం నా చేతిలో చంపుతోంది. నిజం చెప్పొద్దూ, లోపల కొంచెం సంతోషం కూడా వేసింది. కొత్త విషయం కనిపెట్టానేమో, పెద్ద జర్నల్‌కి పంపుతామేమో అని రాత్రి రెండింటి దాకా పేపర్లు తిరగేశాను.

మా గైడ్ మేడమ్ డేటా అంతా చూసి ఒక్క మాట అడిగారు. "ముందు ఏ కేజ్‌కి ఇచ్చావు?"

కంట్రోల్‌కి అన్నాను.

"మధ్యలో ట్యూబు ఊపావా?"

ఊపలేదు. సూది నరంలోకి వెళ్ళిందా లేదా అన్న ధ్యాసలో ట్యూబు సంగతే మర్చిపోయాను. ఈస్ట్ కణాలు, అంటే క్యాండిడా గుండ్రటి రూపం, బరువు. స్టాండులో ఊపకుండా పెట్టిన ట్యూబులో మెల్లమెల్లగా అడుక్కి దిగుతాయి. అంబలి కుండ కలపకుండా పోస్తే పైవాళ్ళకి తేట, కిందివాళ్ళకి చిక్కన, అంతే. నేను మొత్తం పదహారు ఎలుకలకి గంటన్నర పట్టాను, సిరంజి ప్రతిసారీ అడుగు దాకా ముంచాను. చివరి ఎలుకలకి లక్ష కాదు, ఎన్ని లక్షలు పడ్డాయో ఎవరికి తెలుసు. మిగిలిన ద్రావణాన్ని ప్లేట్ మీద వేసి సరిచూసుకోవాలని ప్రోటోకాల్‌లో ఉంది. మొదట వేశాను, చివర వేయలేదు.

మేడమ్ తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఎనిమిది చాలు అని కమిటీ దగ్గర ఒప్పుకున్నావుగా, ఆ ఎనిమిదినీ ఎక్కడ పోగొట్టావో రాసి పెట్టుకో" అన్నారు. అన్నకి చెబితే మౌనంగా విని, "మా నాయన పాలు పోసేటప్పుడు క్యాను తిప్పతా ఉండేవాడు. ఎందుకా అనుకునేవాణ్ణి" అన్నాడు.

ఆ విరామంలో నాకు ఇంకో చోట వెలుగు పడింది. క్యాన్సర్ వార్డులో పనిచేసే మా చిన్ననాటి స్నేహితురాలు ఒక ఆదివారం కపిలతీర్థం దగ్గర కలిసింది. తన వార్డులో కీమో పడి తెల్లకణాలు పడిపోయినవాళ్ళకి క్యాండిడా రక్తంలోకే వచ్చేస్తుందని, జ్వరం తగ్గకపోతే ముందు అదే భయమని చెప్పింది. ఎయిడ్స్ రోగులకి మాత్రం నోటినిండా పూత వస్తుంది గానీ రక్తంలోకి రావడం అరుదు. ఒకే ఫంగస్, రెండు దారులు. ఎయిడ్స్‌లో పోయేది టీ కణాలు, కీమోలో పోయేది న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు. అంటే నోరు, పేగు లాంటి గుమ్మాల దగ్గర కాపలా టీ కణాల చేతిలో, వాటిలోనూ ఐఎల్-17 అనే కబురు ప్రోటీన్ విడుదల చేసేవాటి చేతిలో ఉంది. గుమ్మం దాటి రక్తంలో పడితే పట్టుకోవాల్సింది న్యూట్రోఫిల్స్. నేను రెండేళ్ళుగా చదువుతున్నది తను మెట్ల మీద కూర్చుని వేరుశనక్కాయలు వలుస్తూ నాలుగు ముక్కల్లో చెప్పేసింది.

దాంతో నా బుర్రలో ఒక సూత్రం పాతుకుపోయింది: న్యూట్రోఫిల్స్ ఎంత ఎక్కువ వస్తే అంత మంచిది. రెండో ప్రయోగానికి అదే కళ్ళద్దాలు పెట్టుకుని వెళ్ళాను.

ఈసారి ప్రతి ఎలుకకీ ముందు ట్యూబు ఊపాను. ఏది ఎప్పుడో చీటీలు తీసి నిర్ణయించాం, ఏ కేజ్‌లో ఏ మందో నాకు తెలియకుండా మా జూనియర్ నంబర్లు వేసింది. మొదటి రోజు కొన్ని, మూడో రోజు కొన్ని, ఆరో రోజు కొన్ని ముగించి అవయవాలు తీయాలి. తీసే పని గురించి ఎక్కువ రాయను. మత్తు పూర్తిగా ఎక్కిందని కాలివేలు నొక్కి చూసుకుంటాం. మొదటి ఎలుకకి నా చెయ్యి ఆగిపోతే అన్న పక్కన నిలబడి, "దాని పని అయిపోయింది తల్లీ, ఇంక నీ పని చెయ్" అన్నాడు.

ఎలుక కిడ్నీ అనపగింజంత ఉంటుంది. ఒక సగం నలిపి, పలచన చేసి, ప్లేట్ల మీద పోసి, రెండు రోజుల తర్వాత చుక్కలు లెక్కపెడతాం. ఒక చుక్క అంటే బతికున్న ఒక ఫంగస్ కణం అని లెక్క. ఇంకో సగం ఫార్మలిన్‌లో వేసి పలుచగా కోసి రంగు వేస్తాం. పీఏఎస్ అనే రంగుకి ఫంగస్ గోడ ముదురు గులాబీ రంగులో మెరుస్తుంది.

నవంబర్లో జరిగింది ఇదంతా. తిరుపతిలో ఈశాన్య రుతుపవనం అంటే తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కొండ మీద మబ్బు దిగితే మూడేసి రోజులు బట్టలు ఆరవు, చెప్పుల మీద, పుస్తకాల అట్టల మీద బూజు. నా ప్లేట్ల మీద కూడా. మొదటి రోజు కాలేయం ప్లేట్లలో మూడింటి నిండా పచ్చటి ఆస్పర్‌జిల్లస్ పరుచుకుంది, గాలిలోంచి వచ్చి కూర్చుంది. ఫంగస్ మీద పనిచేసే ల్యాబుని ఇంకో ఫంగస్ వెక్కిరించడం. నాలుగు చోట్ల వేసిన ప్లేట్లు కాబట్టి మిగతావాటితో గట్టెక్కాం.

ఆ ప్లేట్లు చెప్పిన కథ ఇది. కాలేయం, ప్లీహం మొదటి రోజు నుంచే పని మొదలుపెట్టాయి, ఆరో రోజుకి దాదాపు శుభ్రం. కిడ్నీలో మొదటి రోజు చుక్కలు కొంచెమే. మూడో రోజు ప్లేట్ మీద లెక్కపెట్టలేనన్ని. పైనుంచి చూస్తేనే కిడ్నీ పాలిపోయి, ఉబ్బి, తెల్లటి చుక్కలతో ఉంది. ఇది నా ఒక్కదాని పరిశీలన కాదు, ఎలుకల్లో క్యాండిడా అంటే కిడ్నీ జబ్బే అని అందరికీ తెలుసు. కానీ ప్లేట్ మీద సొంత కళ్ళతో చూడటం వేరు.

అసలు దెబ్బ స్లైడులో తగిలింది. మొదటి రోజు కిడ్నీ స్లైడులో న్యూట్రోఫిల్స్ కోసం వెతికితే అక్కడొకటి, ఇక్కడొకటి. అదే ఎలుక కాలేయంలో కావలసినన్ని. మూడో రోజు కిడ్నీ తెరిస్తే నీలం చుక్కల వరదే. సూత్రం ప్రకారం ఎలుక గెలవాలి. మొహం చూస్తే మాత్రం కళ్ళు చికిలించి, చెవులు వెనక్కి వేసుకుని ఉంది. రిటైర్డ్ టీచరు చెప్పినట్టు రోజూ మొహం రాసుకున్నాను కాబట్టి ఆ రెండు కాలమ్స్ పక్కపక్కన పెట్టి చూడగలిగాను. న్యూట్రోఫిల్స్ ఎక్కువైన కొద్దీ మొహం మార్కులు చెడుతున్నాయి.

మేడమ్ స్లైడు చూస్తూ, "ఎన్ని వచ్చాయి అని అడుగుతున్నావు. ఎప్పుడు వచ్చాయి అని అడుగు" అన్నారు.

ఆ ప్రశ్నకి దారి ముందే వేసి ఉంది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్‌లో 2011లో ఇదే మోడల్‌తో ప్రతి అవయవాన్నీ విడిగా చూశారు. కాలేయం, ప్లీహంలోకి న్యూట్రోఫిల్స్ వెంటనే చేరతాయి, కిడ్నీలోకి మొదటి ఇరవై నాలుగు గంటలు ఆలస్యంగా వస్తాయి. ఆ ఒక్కరోజు గడువులో గుండ్రటి కణాలు దారాలై కూర్చుంటాయి. తర్వాత వచ్చిన న్యూట్రోఫిల్ చేయగలిగేది తక్కువ. తన ఒడ్డూ పొడుగూ పది మైక్రాన్ల చిల్లర, ఎదురుగా ఉన్న దారం దానికి ఎన్నో రెట్లు. మింగలేక కక్కలేక, తన సంచుల్లోని ఘాటు రసాయనాలన్నీ బయటికి కుమ్మరిస్తుంది. ఫంగస్ కొంత చస్తుంది, పక్కనున్న కిడ్నీ గొట్టాలు కూడా చస్తాయి. 2012లో అదే బృందం, న్యూట్రోఫిల్స్‌ని ఆలస్యంగా కిడ్నీకి పిలిచే సీసీఆర్1 అనే గ్రాహకం లేని ఎలుకలు ఎక్కువకాలం బతికాయని చూపించింది. వాటిలో ఫంగస్ తగ్గలేదు. కిడ్నీ పాడవడం తగ్గింది.

ఇది చదివిన రాత్రి నాకు మా ఊరి దొంగతనం గుర్తొచ్చింది. దొంగ దొడ్డిదారిన పోయాక ఊరంతా కర్రలు పట్టుకుని వచ్చి, చీకట్లో ఇంటి పెంకులు పగలగొట్టి, ఇంటాయన కాలు విరగ్గొట్టి వెళ్ళారు. ఇంటాయన చనిపోయేదాకా దొంగని తిట్టలేదు, ఊరినే తిట్టాడు.

జూనియర్ నంబర్ల గుట్టు విప్పింది. బీటా గ్లూకాన్ తీసుకున్న ఎలుకల్లో మొదటి రోజు కిడ్నీలోనే న్యూట్రోఫిల్స్ కాస్త ఎక్కువ ఉన్నాయి, మూడో రోజు వరద కాస్త తక్కువ. కాస్త అనే అంటాను. ఎనిమిదింటిలో రెండు ఎలుకలు మందు పుచ్చుకోనట్టే ఉన్నాయి, కవలలైనా సరే. ఎందుకో నాకు అంతుపట్టలేదు. థీసిస్‌లో వాటిని తీసేసి గ్రాఫు అందంగా చేయాలని చెయ్యి లాగింది. తీయలేదు.

సంక్రాంతికి ఊరికి వెళ్తే శనక్కాయ బస్తాల గదిలో ఎలుకలు. బూజు పట్టిన కాయల్నే తింటున్నాయి. ఆస్పర్‌జిల్లస్ పట్టిన కాయలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుందని, కోళ్ళకి పెట్టొద్దని మా నాన్నకి కూడా తెలుసు. ఈ ఎలుకలు పుట్టిన దగ్గర్నుంచి బూజులోనే పొర్లుతున్నాయి. నా ఎలుకలు వడకట్టిన గాలి పీల్చి, ఆటోక్లేవ్‌లో ఆవిరి పట్టి క్రిములు చంపిన నీళ్ళు తాగి, జీవితంలో మొదటిసారి ఫంగస్‌ని చూసింది నా సూది కొన మీద. క్యాండిడా అల్బికాన్స్ అసలు ఎలుకల పేగుల్లో సహజంగా ఉండేది కాదు. మనిషి రక్తంలో తెల్లకణాల్లో సగానికి పైగా న్యూట్రోఫిల్స్ అయితే ల్యాబు ఎలుకలో అవి పావు వంతు కూడా దాటవు. మన న్యూట్రోఫిల్స్‌లో ఉండే, క్రిముల్ని చంపే డిఫెన్సిన్లు వాటిలో లేవు. అమెరికాలో ప్రిన్స్‌టన్ వాళ్ళు ల్యాబు ఎలుకల్ని కొన్ని వారాలు ఆరుబయట కంచెల్లో వదిలి చూశారు, 2020లో ఫలితాలు వచ్చాయి. మట్టిలో తిరిగిన ఎలుకల రక్తంలో న్యూట్రోఫిల్స్ లాంటి కణాలు పెరిగాయి, పేగుల్లో ఫంగస్ చేరింది. ల్యాబులోని ఎలుకలకు ఫంగస్ ఇచ్చినా ఆ కణాలు పెరిగాయి. మా శనక్కాయల గదే ఒక ట్రెయిన్డ్ ఇమ్యూనిటీ ప్రయోగశాల అన్నమాట.

దీనర్థం నా ఎలుకలు అబద్ధం చెబుతున్నాయని కాదు. సీఏఆర్డీ9 అనే జన్యువు లేకపోతే ఫంగస్‌ని తట్టుకోలేవని 2006లో ఎలుకల్లోనే చూశారు. మూడేళ్ళ తర్వాత ఇరాన్‌లో ఒక కుటుంబంలో తరచూ ఫంగస్ జబ్బులతో బాధపడుతున్నవాళ్ళకి అదే జన్యువులో లోపం దొరికింది. ఎలుక చూపించకపోతే ఆ ఇంటివాళ్ళ రోగానికి పేరు ఇంకా ఆలస్యంగా దొరికేది.

అమ్మ గది తలుపు దగ్గర నిలబడి, "నీ ఎలుకలకి ఏం పెడతారు మే?" అంది. గుళికలు అన్నాను. "శనక్కాయలు పెట్టరా?" పెట్టం అన్నాను. కాసేపు ఆగి, "కాణిపాకం పోయినప్పుడు నీ పేరుతో పాటు వాటి పేరు మీద కూడా అర్చన చేయించినా. పేర్లడిగితే నంబర్లుంటాయని చెప్పినా" అంది. పూజారి ఏమన్నాడని అడగలేదు.

ఇప్పుడు కమిటీకి కొత్త ఫారం పెట్టాను. ఈసారి మొదటి రోజునే నాలుగు ముక్కలు చేశాను: ఆరు గంటలు, పన్నెండు, పద్దెనిమిది, ఇరవై నాలుగు. కిడ్నీకి కబురు ఎక్కడ ఆలస్యమవుతోందో చూడాలి. రిటైర్డ్ టీచరు మళ్ళీ వచ్చారు. మొహం మార్కుల కాలమ్ తీసి చూపించమన్నారు, చూపించాను. పర్మిషన్ వచ్చింది. సోమవారం పొద్దున చీటీలు అన్నే తీశాడు. మొదటిది నాలుగో కేజ్. నేను ట్యూబు ఊపడం మొదలుపెట్టాను.